గోడమీది పలక, బంతిలోని ప్రభువు

మా ప్రాంతమున క్రైస్తవుల యిండ్లలో, ముందుగదిలో, గుమ్మమునకెదురుగా నొక పలక వ్రేలాడుచుండును. కొందఱి యింట నది అద్దముక్రింది అచ్చుకాగితము; కొందఱి యింట బంగారురంగు పూసిన చెక్క. ఆ యింటికి యజమానుడు క్రీస్తనియు, ప్రతి భోజనమునకును కంటికగపడని యతిథి యాయనయేయనియు, ఆ గదిలో జరుగు ప్రతి సంభాషణమును మౌనముగా వినువా డాయనయేయనియు నా పలక చెప్పును. మాటలు చక్కనివి. మొదట వ్రాసినవా రెవరో గాని, ఆ గదులలో మావారు చేయు సంభాషణములను వారు వినియుండరు. వినియుండినచో ఆ మూడవ మాట వ్రాయుటకు జంకెడివారు.

రెండేండ్ల క్రిందట వేసవిలో, కొండవీటి కొండల చేరువనున్న యొక గ్రామమున, అట్టి పలకక్రిందనే మేము కూర్చుండవలసి వచ్చినది. గృహస్థు సంఘపెద్ద. ఆ కుటుంబమున మూడు తరములుగా ఆదివారము ఆరాధన తప్పినవారు లేరు. ఆయన కుమారుడును, అదే సంఘమున పాటలు పాడు నొక యువతియు పెండ్లి చేసికొన నిశ్చయించుకొనిరి. ఇద్దఱును మావద్ద చదువుకొన్నవారే. ఇద్దఱిదియు నొకే బాప్తిస్మము, ఒకే పాటల పుస్తకము, ఒకే ప్రభువు బల్ల. కాని యొకరి తాత మాలపల్లెనుండి సంఘమున చేరెను. మఱియొకరి తాత మాదిగపల్లెనుండి చేరెను. ఎవరి తాత యెచ్చటివాడని చదువరు లడుగవలదు. అడుగవలెనని తోచినచో, ఆ తోచుటయే మేము చెప్పబోవు వ్యాధి.

పెద్దాయన కఠినుడు కాడు. మమ్ము గౌరవముతో కూర్చుండబెట్టి, ఎంతో మెత్తగా చెప్పెను: “మాస్టారూ, ప్రార్థన దగ్గర అందరం ఒకటేనండీ, కాదన్నదెవరు? పిల్లనిచ్చి పుచ్చుకునే కాడ మాత్రం ఎవరి కట్టుబాట్లు వాళ్లకుంటయ్ గదా!”

మే మేమి చేసితిమి? కాఫీ త్రాగితిమి. త్రాగి, తొందరపడవలదని రెండు పక్షములవారికిని సమానముగా హితము చెప్పి, పెద్దమనుష్యులవలె వ్యవహరించితిమను తృప్తితో నింటికి వచ్చితిమి. పిల్లలిద్దఱును మా హితమును లెక్క చేయక, 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము ననుసరించి రిజిస్ట్రారు కచేరిలో సంతకములు చేసి దంపతులైరి. సంఘము వారిని దీవింపలేదు. ఆ సంవత్సరపు క్రిస్మసు ప్రేమవిందునకు వారిని పిలువలేదు. ఆ విందులో మేమును భోజనము చేసితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు మాకు గల యర్హత యింతమాత్రమే. ఇది యర్హతయో నేరమో చదువరులే నిర్ణయింతురు గాక.

ఈ పత్రికను చదువు గృహస్థులలో క్రైస్తవులు కొందఱే యని యెఱుగుదుము. తక్కినవారు ఇది పరుల యింటిగొడవ యని పుట త్రిప్పవలదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినపుడు, ఉపన్యాసములకు చప్పట్లు కొట్టినవారందఱును విందునకు వచ్చి కూర్చుండగలిగిరా? వెలికి వెఱచి వెనుకకు తగ్గినవారెందఱు! ఈ దేశమున సంస్కరణమను మాటకు పరీక్ష సభామండపమున జరుగదు, విస్తరియొద్ద జరుగును. క్రైస్తవునికిని అంతే. ఇంకను చెప్పవలెనన్నచో క్రైస్తవునికి మఱింత యెక్కువ. ఏలయన, అతని మతమునకు ఆచారములలోకెల్ల ముఖ్యమైనది ఒక భోజనము.

“క్రీస్తును జీవితమునకు కేంద్రముగా నుంచుకొనుడు” అను బోధ నేడు ప్రతి పందిటను వినబడుచున్నది. బోధకులు చెప్పుదురు, శ్రోతలు తలయూపుదురు. ఈ కేంద్రమనగా నేమని మాత్రము ఎవరును అడుగరు. బండిచక్రమును చూచినవారికి ఈ మాట సంస్కృతపండితునికంటె బాగుగా తెలియును. చక్రమున ఆకులన్నియు కుండలోనికి దిగియుండును. కుండలోనికి దిగని యాకు ఎంత నునుపుగా చెక్కినదైనను, ఎంత రంగు పూసినదైనను, బరువు మోయదు, మోయునట్లు కనబడునంతే. ఇంటిలో బరువు మోయు ఆకులేవి? పెండ్లి, ఆస్తి, ఎవరితో కలిసి కూర్చుండవలె, ఎవరి యింట నీరు త్రాగవలె, పనివానికి కూలి యెంత యీయవలె, కోడలితో నేమని మాటలాడవలె – ఇవి. ఈ నిర్ణయములు ఏ కుండలో దిగియున్నవో అదియే ఆ యింటికి నడుమ. గోడమీది పలక పటము; పటమునకు బరువు లేదు.

మా సంఘములలో భక్తికి కొఱత యున్నదా? లేనే లేదు. తెల్లవారుజామున ప్రార్థనలు, శుక్రవారపు ఉపవాసకూటములు, నలువది శ్రమదినములు, రాత్రి జాగరణలు, గృహప్రవేశమునకొక కూటము, పుట్టినరోజునకొక కూటము, చేతనున్న ఫోనులో గంటకొక వాక్యము. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) క్రీస్తునుగూర్చి తెలుగున కీర్తనలు కట్టిననాటినుండి నేటివరకు పాటకు కఱవు కలిగిన దినము లేదు. ఇంత భక్తి యుండియు, పెండ్లిమాట వచ్చునప్పటికి, ఈ భక్తి యంతయు గుమ్మమువద్ద చెప్పులవలె నిలిచిపోవుచున్నది. లోనికి తాత వచ్చును. తాతగారి పల్లె వచ్చును.

ఇది నేటి జబ్బు కాదు, సంఘమంత పాతది. అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కలిసి భోజనము చేసెను. యెరూషలేమునుండి కొందఱు పెద్దలు వచ్చునప్పటికి మెల్లగా వెనుదీసి, వేఱు బంతిని కూర్చుండెను. పేతురు సిద్ధాంతమేమియు మార్చలేదు. ఒక్క మాటయైనను తప్పుగా బోధింపలేదు. విస్తరి మాత్రము జరిపెను. అందుకే పౌలు ఆయనను అందఱియెదుట ముఖాముఖిగా నిలువరించి, అది సువార్తను తప్పి నడచుటయే యని గలతీయులకు వ్రాసెను. విస్తరి జరుపుట సువార్తను జరుపుట యని పౌలునకు తోచినది. మాకు తోచలేదు, మేము కాఫీ త్రాగుచుంటిమి.

కొరింథులోను తగవు భోజనముననే. కలిగినవారు ముందుగా వచ్చి తమ భోజనము తాము తినుచుండిరి. పనిచేసి యాలస్యముగా వచ్చిన పేదలు ఆకలితో నిలువబడుచుండిరి. అట్టి కూడికలో తినునది ప్రభువు భోజనమే కాదని యపొస్తలుడు తీర్పు చెప్పెను. ప్రార్థన సరిగానే జరిగియుండును, రొట్టెయు ద్రాక్షారసమును సరిగానే యుండును; బంతి మాత్రము చెడినది. బంతి చెడినచోట ప్రభువు లేడు.

ఇది దూరదేశపు కథ యని పల్నాటివారెవరును అనరాదు. పండ్రెండవ శతాబ్దమున ఈ సీమలోనే బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టెనని వీరగాథ చెప్పుచున్నది. చాపలు పఱచి, కులమడుగక, అందఱిని ఒక్క బంతిని కూర్చుండబెట్టెను. మాలవాడైన కన్నమదాసును కుమారునిగా చేరదీసి సేనకు నాయకుని జేసెను. ఆ గాథను కావ్యముగా వ్రాసినాడని చెప్పబడు శ్రీనాథుడు మా కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై యున్నవాడే. నేటికిని కార్తికమాసమున కారెంపూడి వీరుల యుత్సవములలో చాపకూడు జరుగుచున్నది. బ్రహ్మనాయుడు చెన్నకేశవుని భక్తుడు. అతనికి ప్రభురాత్రిభోజనమను పేరును తెలియదు. క్రీస్తు నామము నెఱుగని యొక మంత్రి ఎనిమిది వందల యేండ్ల క్రిందట చాపమీద చేసిన పనిని, క్రీస్తు రక్తమును పానము చేయు సంఘము నేటికిని బల్లయొద్ద తప్ప మఱియెచ్చటను చేయలేకున్నదే! మాకిది సిగ్గు. సిగ్గుపడుటకు సాటి మనవద్దనే యుండుటచేత మఱింత సిగ్గు.

క్రైస్తవము ఈ సీమకు వచ్చిన తీరును చూచినను ఇదే ప్రశ్న యెదురగును. 1842 జూలై 31న హయ్యరు దొర గుంటూరు చేరెను. 1849లో పల్నాటిలోని గురజాలకు వచ్చి కాపురముండెను. అంతకు చాల పూర్వమే కొండవీటి కొండల యవతల ఫిరంగిపురమున కథోలికు సంఘము వేళ్లూనినది. అచ్చటి బాలయేసు దేవాలయమును చూడనివారు ఈ ప్రాంతమున తక్కువ. దక్షిణమున ఒంగోలునకు 1866లో బాప్తిస్టు మిషనునుండి జాన్ ఎవరెట్ క్లౌ వచ్చెను. ఆయనకు తటస్థించిన పరీక్షను గూర్చి కొంత విస్తరముగా చెప్పవలెను.

ఒంగోలు బ్రాహ్మణులు ఆయన పాఠశాలపట్ల ఆదరము చూపుచుండిరి. పట్టణమున పెద్దకులములవారి ద్వారము తెఱచుకొనుచున్నదని ఆయనకు సంతోషము. అంతలో తోళ్ల వ్యాపారియైన యెర్రగుంట్ల పేరయ్యను వెంబడించి మాదిగలు రాజొచ్చిరి. వారిని చేర్చుకొన్నచో మేము రామని పెద్దకులములవారు స్పష్టముగా చెప్పిరి. కోరుకొనవలసి వచ్చినది. ఆ రాత్రి క్లౌయు ఆయన భార్యయు వేర్వేఱు గదులలో, ఒకరికొకరు తెలియకుండ, బైబిలు తెఱచిరి. ఇద్దఱికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే తావు దొరకినది: లోకము నీచముగా నెంచినవారిని దేవుడు ఏర్పఱచుకొనెనని చెప్పు తావు. మఱునాటినుండి మాదిగలు వచ్చిరి, పెద్దకులములవారు వెడలిపోయిరి. ఈ వృత్తాంతమును ఆయనయే వ్రాసికొనెను. పిదప 1876–78 నాటి ధాత కఱవున బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. కాని అన్నమునకై మతము మార్చుకొందురేమో యని ఏడాదికి పైగా ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. పనులు ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లివద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

దొరలను పొగడుట మాకు పని కాదు. దొరలకును తమ బల్ల యొకటి యుండెను. దానియొద్దకు నల్లవారిని పిలువని దొరలు మెండు. దోర్నకల్లు బిషప్పు కాబోవు వేదనాయకము శామ్యూలు అజరయ్య 1910లో ఎడింబరో మహాసభలో నిలిచి, మిషనరీలు త్యాగము చేయుదురు, దయ చూపుదురు గాని స్నేహితులై కలిసిమెలిసి యుండరని వారి మొగముమీదనే చెప్పెను. అట్లు చెప్పిన రెండేండ్లకు ఆయన ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పు అయ్యెను. ఎవరి బల్లను గాని ప్రశ్నింపవచ్చునని ఆయన మనకు నేర్పినాడు. మనము దొరల బల్లను ప్రశ్నించితిమి. దొరలు వెడలిపోయిరి. తరువాత మన బల్లను మనము ప్రశ్నించితిమా?

గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో పల్లెపల్లెకు తిరిగినవారెఱుగుదురు: మొత్తముమీద లూథరను సంఘమున మాలలు హెచ్చు, బాప్తిస్టు సంఘమున మాదిగలు హెచ్చు. ఊరిలోని పెద్దకులముల క్రైస్తవులకు వేఱు దేవాలయము, లేదా అదే దేవాలయమున ముందు వరుసలు. బాప్తిస్మము ముంచి యీయవలెనా చిలుకరించి యీయవలెనా యను వివాదమును మనవారు సిద్ధాంతవివాదమనుకొనుచున్నారు. చాలచోట్ల అది వీధివివాదము. మిషనులు పల్లెలను పంచుకొనుటతో నిది మొదలైనదని, అది చరిత్రయొక్క తప్పని కొందఱందురు. ఒప్పుకొందము. కాని పెండ్లిప్రకటనలలో “క్రైస్తవ” యను మాటప్రక్కన కులము పేరు వ్రాయుచున్నది చరిత్ర కాదు గదా. వ్రాయుచున్నది మనము, ఈ నెలలో, రుసుము చెల్లించి.

“ఇది చిన్న సంగతి, బలహీనులను తొందరపెట్టరాదు, కాలక్రమమున దానంతట అదే పోవును” – పెద్దలు చెప్పు సమాధానమిది. ఈ సమాధానము ముందొకచోట చెప్పబడినది. దాని ఫలమును లోకమంతయు చూచినది. దక్షిణాఫ్రికాలో డచ్చి రిఫార్మ్‌డు సంఘపు మహాసభ 1857లో ఒక తీర్మానము చేసెను. తెల్లవారును నల్లవారును కలిసి ఆరాధించుటయే లేఖనసమ్మతమని దానిలో మొదట ఒప్పుకొనిరి. అయినను కొందఱి బలహీనతనుబట్టి వేఱుగా కూడుకొనుటకు అనుమతించిరి. అప్పటికది సర్దుబాటు. 1881 నాటికి సర్దుబాటు వేఱు సంఘమైనది. 1948లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము ఆ వేర్పాటునే దేశమునకు ధర్మశాస్త్రముగా చేసెను. వేఱు బడి, వేఱు బస్తీ, వేఱు బెంచి. 1857లో చేయెత్తినవారిలో ఎవరును అంత దూరము తలపోసియుండరు. వారును మావలె మెత్తనివారే, తొందర వలదనువారే. చివరకు వేఱుచేయబడిన ఆ సంఘమే బెల్‌హారు అను చోట 1982లో విశ్వాసప్రకటన మొకటి సిద్ధము చేసి, 1986లో దానిని స్వీకరించి, వేర్పాటును సమర్థించుట సువార్తకే విరోధమని ప్రకటించెను. వెలుపల నుంచబడినవారే నడుమ నెవరుండవలెనో చెప్పిరి.

ఇప్పుడొక బలమైన యాక్షేపణను ఎదుర్కొనవలెను. దీనిని తప్పించుకొని వ్రాసిన వ్యాసములు మేము చాల చదివితిమి. వాటిమీద మాకు గౌరవము లేదు.

జూన్ మాసమున బడి తెఱచినపుడు ప్రవేశపు పుస్తకమున మతమునకొక గడియు, కులమునకొక గడియు నుండును. ఒక యేడు ఒక తండ్రి కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన పేరు బైబిలులోనిది, పిల్లవాని పేరు బైబిలులోనిది. ఆయన మెల్లగా వంగి చెప్పెను: “సారూ, మతం గడిలో హిందూ అనే రాయండి. పిల్లోడి బతుకు చెడగొట్టుకోలేం గదా.” మేము వ్రాసితిమి. పిల్లవాడు మా కలమువంక చూచుచుండెను. ఆదివారము తన కొక పేరు, సోమవారము మఱియొక పేరు అని యా పిల్లవానికి నేర్పిన మొదటి గురువులము మేమే.

ఆ తండ్రిని నిందించువా రుందురు. వారిని చూచినచో మాకు కోపము వచ్చును. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులములకు గల రక్షణలను హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి; క్రైస్తవులను, మహమ్మదీయులను చేర్చలేదు. మన రాష్ట్రమున షెడ్యూల్డు కులములనుండి వచ్చిన క్రైస్తవులకు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున నూటికొక్క వంతు కేటాయింపు కలదు, అంతే. రంగనాథమిశ్రా సంఘము 2007లో ఈ మతనియమమును తొలగింపుమని చెప్పెను. 2022లో బాలకృష్ణన్ సంఘమును నియమించిరి. 2023లో మన శాసనసభ దళితక్రైస్తవులను చేర్చవలెనని తీర్మానించెను. 2025లో మన రాష్ట్రపు హైకోర్టు, క్రైస్తవుడైనవానికి షెడ్యూల్డు కులముల రక్షణచట్టము వర్తింపదని తీర్పు చెప్పెను. కొట్టువాడు కొట్టుటకు ముందు బాప్తిస్మపత్రము అడుగడు. కొట్టబడినవానినుండి మాత్రము న్యాయస్థానము అడుగుచున్నది. ఇట్టి నియమమున్నంతకాలము, ఆ గడిలో తండ్రి చెప్పించిన మాటకు పాపము తండ్రిది కాదు.

కాని మా సంఘనాయకులను ఒక్క మాట యడుగకుండ నుండలేము. ఢిల్లీలో సంఘములయెదుట వారు చేయు వాదమేమి? క్రైస్తవులలోను కులమున్నది, బాప్తిస్మముతో అస్పృశ్యత పోలేదు, కనుక రక్షణ కావలెను అని. సరియైన వాదము. అదే నాయకులు పల్లెకు తిరిగివచ్చి వేదికయెక్కి చేయు ప్రసంగమేమి? క్రీస్తునందు కులము లేదు అని. రెండింటిలో ఏది నిజము? ఢిల్లీలో చెప్పినదే నిజము. నిజమును ప్రభుత్వమునకు చెప్పి, అబద్ధమును దేవుని మందిరమున చెప్పుచున్నారు. ఉన్న రోగమును ఉన్నదని మందిరమున ఒప్పుకొని, బల్లయొద్దను ఇంటను దానికి మందు వేయ నారంభించినవారికే ఢిల్లీలో దానిని చూపి న్యాయమడుగు నోరుండును.

గోడమీది పలకకు పోటీగా నేడు చర్చి ముంగిట ఫ్లెక్సీలు వెలసినవి. దానిమీద బోధకుని బొమ్మ నిలువెత్తు. ఆయన భార్య బొమ్మ అంతకు కొంచెము తక్కువ. ముఖ్యతిథుల తలలు వరుసగా. మూలను, అచ్చువేసినవాని చిరునామాకు కొంచెము పైన, గొఱ్ఱెపిల్లనెత్తుకొన్న క్రీస్తు. నడుమ నెవరున్నారని మమ్మడుగనేల, కొలబద్ద తెచ్చి కొలువుడు. నూనెసీసాలనుగూర్చి, ప్రార్థించిన రుమాళ్లనుగూర్చి వ్రాయుటకు మాకు ఓపిక లేదు, కొనువారున్నంతకాలము అమ్మువారుందురు.

ఇల్లాండ్రను గూర్చి వ్రాయవలసినది మాత్రము చాల గలదు. ఆ పలక ముందుగదిలో నుండును. ఆమె వంటింట నుండును. ప్రతి భోజనమునకును క్రీస్తు అతిథి యని పలక చెప్పును గదా. ఆయన ఏ బంతిని కూర్చుండును? మగవారి తొలి బంతినా, పిల్లల రెండవ బంతినా, గిన్నెల యడుగున మిగిలినదానితో అత్తయు కోడలును వంటింటి నేలమీద తిను చివరి బంతినా? శిష్యుల పాదములు కడిగినవానినిగూర్చి తెలిసినంతవఱకు, చివరి బంతిలోనే ఆయనను వెదకవలెను. కట్నమును 1961 నాటి చట్టము నిషేధించినది. మా పెండ్లిమాటలలో కూర్చుండినవారు చూచియుందురు: ప్రార్థనతో నారంభింతురు, ప్రార్థనతో ముగింతురు, నడుమ లెక్క మాటలాడుదురు. నడుమ! ఇంతసేపు మేము వెదకుచున్న నడుమ అదియే. అచ్చట ఎకరములు, సవరులు, కారు, ఇరుప్రక్కల ఆమెన్.

దీనికి మందేమి? మహాసభలు కూర్చి తీర్మానములు చేయుటకు మేము చాలము. ఎమ్మాయు గ్రామమునకు పోవు దారిలో శిష్యులిద్దఱు దారిపొడుగున లేఖనములు విని, హృదయము మండుచున్నను, తమతో నడుచుచున్న వాని నెఱుగలేకపోయిరి. ఇంట కూర్చుండి, అతిథిగా వచ్చినవాడు తానే యజమానునివలె రొట్టె విఱిచినపుడు ఎఱిగిరి. ప్రసంగమువలన కానిది విస్తరియొద్ద ఐనది. కాబట్టి మేమును మా ప్రయత్నమును విస్తరియొద్దనే మొదలుపెట్టితిమి.

గత క్రిస్మసునాడు, ఆరాధన ముగిసిన పిదప, మా యింటి వసారాలో చాపలు పఱచితిమి. ముందుగా ఆ దంపతులయింటికి స్వయముగా పోయి, రెండేండ్ల క్రిందటి కాఫీని గూర్చి క్షమాపణ చెప్పుకొని పిలిచితిమి. ఆ యువకుడు, “ఇప్పుడెందుకులెండి మాస్టారూ” అనెను. ఆమె మాత్రము, “వస్తాం సార్” అనెను. సంఘమునందలి నలువది యిండ్లకు మాట పంపితిమి. వచ్చినవారు పదునొకండుగురు. మా యింటివారు చివరి బంతిని తినుటకు వీలులేదని ముందే యనుకొంటిమి గాన, గిన్నెలను బంతినడుమనే పెట్టి, ఎవరికి కావలసినది వారే వడ్డించుకొనిరి. పప్పు కొంత చాపమీద నొలికినది.

పెద్దాయన రాలేదు. అందఱును కూర్చుండిన తరువాత ఆయన భార్య దొడ్డిగుమ్మమున వచ్చి, ఎవరితోను మాటలాడక, కోడలిప్రక్కన చోటు చూచుకొని కూర్చుండెను. తిన్నంతసేపు కోడలి విస్తరిలో వడ్డించుచునేయుండెను. లేచునపుడు మా యింటివారిని ప్రక్కకు పిలిచి, “అమ్మా, ఓ క్యారియర్లో ఇంత అన్నం, ఇంత పప్పుచారు పెట్టివ్వు. ఆయనకు నేనేదో చెప్పుకుంటాలే” అనెను. పెట్టి యిచ్చితిమి.

మఱునాటి యుదయమున, మేము బయటి యరుగుమీద పత్రిక చదువుకొనుచుండగా, ఆ క్యారియరును తెచ్చినది పెద్దాయనయే. శుభ్రముగా కడిగియున్నది. గుమ్మము దాటుమని యెంత వేడినను దాటలేదు. దానిని అరుగుమీద నుంచి, కండువా సవరించుకొని, “ఉప్పు కాస్త ఎక్కువైంది మాస్టారూ” అని వెడలిపోయెను.